దుబాయి ఫోనుకు జనగామ నంబరు

నేను చేసిన పని

టెలిఫోన్ శాఖలో పనిచేశానంటే చాలు, "స్తంభాలెక్కేవారా సార్?" అని అడుగుతారు. ఎక్కాను. చిట్యాల మండలంలో గాలివానకు తీగలు తెగిపడితే నిచ్చెన భుజాన వేసుకుని పత్తి చేలల్లో తిరిగినవాణ్ణే. కానీ సర్వీసులో ఎక్కువ కాలం నేను చేసిన పని ఎవరికీ కనిపించేది కాదు, చెప్పినా ఎక్కేది కాదు. మా ఆవిడకు ఇప్పటికీ ఎక్కలేదు. "కంప్యూటర్ ముందల కూసోని పక్క కంపెనోనితోని కొట్లాడుడే గదా నీ కొలువు" అంటుంది. నిజం చెప్పాలంటే అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఈ కొలువులోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరు ఎవరికి ఏ మెమో ఇచ్చారన్న పురాణం నా దగ్గర దొరకదు. ముందు పనేమిటో చెబుతాను.

దేవరుప్పులలో కూర్చుని మీరు ఒక కంపెనీ ఫోను నుంచి భూపాలపల్లిలో బొగ్గుబావిలో పనిచేసే మీ బావకు ఫోన్ చేశారనుకోండి. ఆయనది వేరే కంపెనీ. డబ్బులు మీ దగ్గర తీసుకునేది మీ కంపెనీ. కానీ ఆ కాల్‌ను అందుకుని భూపాలపల్లి టవరు దాకా మోసి, ఆయన జేబులో గంట కొట్టించేది ఆయన కంపెనీ. మోసినందుకు కూలి ఇవ్వాలి కదా? ఇస్తారు. నిమిషానికి ఇన్ని పైసలని ఢిల్లీలో పైవాళ్లు నిర్ణయిస్తారు. రెండు కంపెనీల దారులు కలిసే చోట ఇటు మేము, అటు వాళ్లు నిమిషాలు లెక్కపెట్టుకుని నెలాఖరున సరిచూసుకుంటాం. అదే నా పని. ఇంటర్‌కనెక్ట్ అనేవాళ్లం.

విదేశం నుంచి వచ్చే కాల్‌కు ఈ కూలి ఎక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దానిమీదే నడుస్తుంది.

లెక్క కలిసిందా లేదా

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులవి. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ అప్పటికి వరంగల్ జిల్లాలోనే ఉండేవి. మానుకోట అంటే మహబూబాబాదే, మేమెవరమూ అంత పొడుగు పేరు నోటితో అనం. మా డీఈ, అంటే మా డివిజనల్ ఇంజనీరు, కోస్తా మనిషి. మంచి ఇంజనీరు, అందులో అనుమానం లేదు. పాడైన మిషను పక్కన ఒక నిమిషం నిలబడితే చాలు, జబ్బెక్కడో చెప్పేసేవారు. లంచం ముట్టలేదు. అబద్ధం ఆడలేదు.

కానీ మా మాటంటే ఆయనకు నవ్వులాట. లైన్‌మన్ ఎవరైనా "సార్, గాడ కేబుల్ తెగింది" అంటే, "గాడ అంటే ఎక్కడయ్యా, గాడిద దగ్గరా?" అనేవారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు, నవ్వకపోతే సెలవు దొరకదు మరి. నాకు ఒళ్లు మండేది. మధ్యాహ్నం భోజనాల వేళ అందరం గేటు దగ్గర నినాదాలిచ్చి లోపలికి వస్తే ఆయన ఒక్కరే టీ తాగుతూ ఉండేవారు.

"అయిందా మీ జై?" అనేవారు.

"అయింది సార్. మీ టీ అయిందా?" అనేవాణ్ణి.

అలాగే మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చుని పని చేసుకునేవాళ్లం. ఉద్యమం గురించి పెద్ద పెద్ద మాటలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆఫీసుల్లో అది మాత్రం ఇలాగే నడిచింది.

ఆ రోజుల్లో నాకొక సంగతి కొరుకుడు పడలేదు. మా పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు పెరుగుతూనే ఉన్నారు. ఏ ఇంట్లో చూసినా ఒకడు అక్కడే ఉన్నాడు. కానీ విదేశాల నుంచి మా ఫోన్లకు వచ్చే నిమిషాలు మాత్రం తగ్గుతున్నాయి. అదే సమయంలో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి వచ్చే లోకల్ నిమిషాలు పెరుగుతున్నాయి. డీఈ గారికి చెప్పాను.

"వాళ్ల లెక్కకీ మన లెక్కకీ తేడా వచ్చిందా?"

"రాలేదు సార్. నిమిషంతో సహా కలిసింది."

"మరింకేంటయ్యా నీ బాధ?"

ఆయన ఒక్కరే కాదు, పైనున్నవాళ్లందరిదీ ఇదే వరస. రెండు వైపులా ఒకే అబద్ధాన్ని లెక్కపెడితే లెక్క కలవక ఏమవుతుంది? కలిసిన లెక్కను చూసి నిశ్చింతగా కూర్చోకండి. ఈ మాట మీకు శిక్షణలో ఎవరూ చెప్పరు.

రూప్లి

ఒక సోమవారం మానుకోట ఎక్స్చేంజిలో తనిఖీకి డీఈ గారితో పాటు వెళ్లాను. అక్కడ కౌంటర్ ముందు ఒక లంబాడా అమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయేమో. పక్కన ఆమె అత్త. అత్త ఒంటి మీద అద్దాల రవిక, చేతుల నిండా తెల్ల గాజులు. అమ్మాయి చేతిలో మా సర్కారు కంపెనీ సిమ్ వేసిన చిన్న ఫోను. గంగారం వైపు అడవి అంచున తండా వాళ్లది. పొద్దున ఎప్పుడు బయలుదేరారో ఏమో, కాళ్ల నిండా దుమ్ము.

"సారూ, గీ నంబరు ఏడిదో జర చూసి చెప్పుండ్రి" అంది.

"కస్టమర్ల వివరాలు బయటికి చెప్పకూడదమ్మా, రూలు ఒప్పుకోదు" అన్నాడు కౌంటర్ గుమస్తా.

"రూలు సల్లగుండ. నా సంసారం పోతాంది సారూ."

డీఈ గారికి ఆమె మాట అర్థం కాలేదు. "ఏంటమ్మా, ఏం పోతుంది? తెలుగులో చెప్పు" అని నవ్వారు. ఆమె ఆయనను ఎగాదిగా చూసింది.

"తెలుగుల్నే చెప్తున్న సారు. మా ఇంటి మాట వేరే ఉన్నది, గది చెప్తె మీకు అసలే తెల్వది."

నాకు నవ్వాగలేదు. ఆమెను పక్కకు పిలిచి బల్ల మీద కూర్చోబెట్టాను. పేరు రూప్లి. మొగుడు భద్రు, దుబాయి పోయి చాలా కాలమైంది. అక్కడ గోడలు కడుతున్నాడు. సొంత ఫోను లేదు. శుక్రవారం సెలవు, ఆ రోజు మధ్యాహ్నం క్యాంపులో ఎవరో ఒకరి ఫోను అడిగి, విదేశీ కాల్స్‌కు అమ్మే కార్డు కొనుక్కుని దాంతో ఇంటికి చేస్తాడు. మొదట్లో ఫోను మీద పొడుగాటి విదేశీ నంబరు పడేది. ఈ మధ్య ఇక్కడి పది అంకెల నంబరే పడుతోంది, అదీ ఒక్కోసారి ఒక్కోటి. మరిది అనుమానపడి మానుకోటలో రీఛార్జ్ కొట్టు వాడికి చూపిస్తే, "గిది మన కాడిదే, దుబాయి గిబాయి ఏం లేదు" అన్నాడట. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తరు.

తండాలో మాట పుట్టడానికి ఇంకేం కావాలి? భద్రు దుబాయి నుంచి ఎప్పుడో వచ్చేశాడు, హైదరాబాదులోనో జనగామలోనో ఇంకో ఆడదానితో ఉంటున్నాడు, అప్పులోళ్లకు భయపడి ముఖం చూపిస్తలేడు, ఇదీ మాట. రూప్లి నిలదీస్తే అతను ఒట్లు పెట్టుకున్నాడు. ఆమె నమ్మలేదు. రెండు శుక్రవారాలుగా ఫోను మోగుతున్నా ఎత్తడం మానేసింది. ఆమె అన్నదమ్ములు తెగతెంపులు చేయించాలని పట్టుబట్టారు. వచ్చే ఆదివారం పంచాయితీ.

"నా కొడుకు గసొంటోడు కాదు" అంది అత్త.

"కాకపోతే నంబరు అబద్ధం ఆడ్తదా?" అంది రూప్లి. తర్వాత నా వైపు తిరిగి, "ఉన్నడా లేడా, గంతే చెప్పుండ్రి సారూ. మోసం జేసిండంటే ఏడ్సుకుంట పోత. జెయ్యలేదంటే నా అంతట నేను ఆదివారం నిలవడి చెప్త. మధ్యల ఉంచకుండ్రి, పరేషాన్ అయితాంది" అంది.

ఆ నంబర్లు చూశాను. అన్నీ ఆ ప్రైవేటు కంపెనీవే. ఇన్నాళ్లుగా నేను వెతుకుతున్నది ఆమె ఫోనులో ఉంది.

కదలని ఫోన్లు

దొంగతనం ఎలా జరుగుతుందో చెబుతాను. దుబాయిలో అతను కొన్న చవక కార్డు వెనక ఒక ముఠా ఉంటుంది. వాళ్లు ఆ కాల్‌ను సరైన దారిలో పంపరు, పంపితే మా కంపెనీకి విదేశీ కూలి కట్టాలి. ఇంటర్నెట్ మీద దాన్ని మన దేశంలో ఏదో ఊళ్లో ఒక గదికి తెస్తారు. ఆ గదిలో వరసగా సిమ్‌లు గుచ్చిన పెట్టె ఉంటుంది. అందులో ఒక సిమ్ నుంచి ఆ కాల్ బయటికి వచ్చి, మామూలు లోకల్ కాల్ లాగా మా దగ్గరికి చేరుతుంది. మాకు దక్కేది లోకల్ కూలి. మిగిలింది వాళ్ల జేబులో. ఫోను మీద మాత్రం ఆ సిమ్ నంబరు పడుతుంది.

ఇలాంటి పెట్టెల గురించి విని ఉన్నాను, ఆ నంబర్లు చూశాక ఖాయమైంది. రూప్లికి చెప్పాను కూడా. ఆమె చివరిదాకా వింది.

"మీరు గట్లంటున్నరు. మా మరిది గిట్లంటున్నడు. ఎవల మాట నమ్మాలె?" అంది.

తప్పేముంది? మొగుడు ఒట్లు పెడితేనే నమ్మని మనిషి, ముక్కూ ముఖం తెలియని నా మాట నమ్ముతుందా?

ఆ ప్రైవేటు కంపెనీ వాళ్లను అడిగితే మొదట ససేమిరా అన్నారు. వాళ్ల సిమ్‌లు అమ్ముడుపోతున్నాయి, వాళ్లకేం పుట్టింది? ఫిర్యాదు పోలీసుల దగ్గరికి పోతుందని గట్టిగా చెబితే అప్పుడు దారికొచ్చారు. రూప్లి ఫోనులో పడ్డ నంబర్లన్నీ ఒకే టవరు కింద ఉన్నాయి. జనగామ టౌనులో. మనిషి జేబులో ఉన్న ఫోను సంతకు పోతుంది, పొలానికి పోతుంది. ఈ ఫోన్లు కదలవు. వీటికి ఎవరూ ఫోన్ చేయరు, ఇవే అందరికీ చేస్తాయి. జనగామ వీధుల్లో యాంటెన్నా పట్టుకుని తిరిగి, మార్కెట్ వెనక ఒక మేడ మీది గది దగ్గర ఆగాం. ఎప్పుడూ మూసిన కిటికీ, ఎప్పుడూ నడిచే ఏసీ. అద్దెకున్నవాణ్ణి ఎవరూ సరిగ్గా చూసిందే లేదు.

గురువారం పొద్దున్నే పట్టేద్దామన్నారు పోలీసులు. నేను డీఈ గారి దగ్గరికి పోయాను.

"సార్, శుక్రవారం దాకా ఆగాలి."

"ఎందుకు? ఆ లంబాడా అమ్మాయి కోసమా?"

"ఆమె కోసమే. కానీ సార్, పెట్టె ఒక్కటి దొరికితే ఆ అద్దెకున్నవాడు రేపు కోర్టులో కంప్యూటర్ సామాను అంటాడు. దుబాయి నుంచి వచ్చిన కాల్ ఆ పెట్టెలోంచి బయటికి రావడం సాక్షుల ముందు చూస్తే ఇక తప్పించుకోలేడు. ఏ కాల్ ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన మనిషి మనకు ఆమె ఒక్కతే ఉంది."

"పనికొచ్చే మాటే. నీ మనసులో ఉన్నది వేరే అనుకో" అన్నారు. పోలీసులకు ఆయనే ఫోన్ చేసి చెప్పారు. శుక్రవారం అత్తను తీసుకుని జనగామ రమ్మని, మధ్యాహ్నం ఆ గదిలోనే ఫోను ఎత్తమని రూప్లికి నేను చెప్పాను.

బంద్ నాటి జీపు

తీరా చూస్తే శుక్రవారం బంద్ అని ప్రకటించారు. బస్సుల్లేవు, రైళ్లు ఆపేశారు. భద్రు ఫోను మాత్రం మధ్యాహ్నం వస్తుంది, అది మన బంద్ కోసం ఆగదు. డీఈ గారూ నేనూ ఆఫీసు జీపులో మానుకోట వెళ్లి, ముందురోజే అక్కడికి చేరి ఉన్న అత్తాకోడళ్లను ఎక్కించుకుని జనగామ దారి పట్టాం.

దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. కుర్రాళ్లు జీపుకు అడ్డం నిలబడ్డారు. "బంద్ నాడు ఆఫీసోళ్లకు ఏం పని?" అన్నాడొకడు. నేను దిగి మన మాటలోనే చెప్పబోయాను. వాళ్ల కళ్లు ముందు సీట్లో ఉన్న డీఈ గారి మీద పడ్డాయి.

"సారు మన దిక్కు మనిషేనా?"

డీఈ గారి ముఖంలో రంగు మారింది. అంతలో వెనక సీట్లోంచి రూప్లి దిగింది.

"అన్నా, నా మొగడు దుబాయిల ఉండి ఫోన్ జేస్తడు. గది నేను జనగామల అందుకోవాలె. అందుకోకపోతే ఎల్లుండి పంచాయితీల నా సంసారం తెగుతది. గీ సారు గందుకే తీసుకపోతాండు. అడ్డం నిలవడ్తరా, నిలవడుండ్రి, నేను నడిశి పోత."

కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొయ్యి దగ్గరున్న ఒక పెద్దావిడ గరిటె ఎత్తి కేకేసింది. "ఏందిరా చూస్తాండ్రు, రాళ్లు జరుపుండ్రి!" రాళ్లు జరిపారు. పోనిచ్చే ముందు ఆకుల్లో ఇంత పులిహోర పెట్టి మా చేతుల్లో పెట్టారు. డీఈ గారికి కూడా పెట్టారు.

కొంత దూరం పోయాక ఆయన నెమ్మదిగా, "అమ్మా, ఎల్లుండి అంటే ఆదివారమేగా?" అని అడిగారు.

"అవ్ సారు" అంది రూప్లి. ఈసారి ఆయన నవ్వలేదు.

గది

మేం వెళ్లేసరికి ఎస్సై తన మనుషులతో, ఇద్దరు సాక్షులతో సిద్ధంగా ఉన్నాడు. తలుపు తాళం పగలగొట్టి లోపలికి వెళ్లాం. బల్ల మీద టేప్‌రికార్డరంత పెట్టె, దాని నెత్తిన వరసగా పొట్టి యాంటెన్నాలు, ముందు చిన్న చిన్న పచ్చ లైట్లు. కొన్ని వెలుగుతున్నాయి, కొన్ని ఆరి ఉన్నాయి. "ఉద్యమపోళ్లు మెసేజీలు పంపే మిషనా ఇది?" అన్నాడు ఎస్సై. ఆ రోజుల్లో పోలీసులకు సిమ్ కార్డులు నాలుగు ఒకచోట కనిపిస్తే అదే అనుమానం. కాదని చెప్పి ఒప్పించేసరికి తాతలు దిగొచ్చారు.

రూప్లి ఇవేవీ వినలేదు. తలుపు వెనక చూసింది. బాత్రూమ్ తలుపు తెరిచి చూసింది. అత్త వంగి బల్ల కింద చూసింది. పక్కబట్టలు, చీర, గిన్నె, చెంబు ఏవైనా ఉన్నాయేమోనని ఇద్దరూ గదంతా కలియజూశారు. ఏసీ, పెట్టె, రెండు వైర్లు, అంతే.

"ఈడ మనిషేడి?" అంది రూప్లి.

"లేడమ్మా. ఇక్కడ ఎప్పుడూ ఎవరూ లేరు" అన్నాను.

ఎదురుచూశాం. ఎస్సై గడియారం చూసుకుంటున్నాడు. ఇవాళ భద్రుకు ఫోను దొరకలేదేమో, రెండు వారాలు ఎత్తకపోయేసరికి విసిగిపోయి మానేశాడేమో అని నాకు లోపల భయం. ఈ కాల్ ఇంకో ఊళ్లోని ఇంకో పెట్టెలోంచి వస్తే చేయగలిగింది కూడా ఏమీ లేదు. దాని సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

పెట్టె మీద ఆరి ఉన్న ఒక లైటు వెలిగింది. మరుక్షణం రూప్లి చేతిలో ఫోను మోగింది. ఇక్కడి పది అంకెల నంబరే. ఆమె లైటు వైపు చూసింది, ఫోను వైపు చూసింది, ఎత్తింది.

అవతలి గొంతు మాకందరికీ వినిపించింది. వాళ్ల భాషలో అతను ఏదో అన్నాడు. నాకు అర్థమైంది ఆమె పేరు ఒక్కటే. రూప్లి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. తిట్టిందో, ఏడ్చిందో, రెండూ కలిపే చేసిందో. అత్త కూడా పక్కన కూర్చుని ఫోనుకు చెవి ఆనించింది.

ఎస్సై సాక్షులకు లైటు చూపించి, "చాలు. రుజువైంది. తీసేయండి" అని ప్లగ్గు వైపు నడిచాడు. రూప్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి" అన్నారు డీఈ గారు. "కాల్ పూర్తిగా నడిస్తేనే మాకు సాక్ష్యం."

అలాంటి రూలు ఏదీ లేదు. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ప్రతి నిమిషానికీ మా కంపెనీకి గండి పడుతూనే ఉంది, ఆ గండి పూడ్చడానికే మా ఇద్దరికీ జీతాలిస్తున్నారు. అయినా ఆయన కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డారు. ఆదివారం పంచాయితీ కూర్చోలేదు, అది ఇక్కడే చెప్పేస్తున్నాను. రూప్లి చెప్పాక కూర్చోవాల్సిన పని లేకపోయింది.

అవతల కార్డు అయిపోయింది కాబోలు, మాట మధ్యలో ఆగిపోయింది. ఆ లైటు ఆరింది. రూప్లి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"ఇగ తీసుకపోండ్రి సారూ."

నేను ప్లగ్గు దగ్గరికి వెళ్లాను. అప్పుడామె పెట్టె వైపు చూసింది. మిగతా లైట్లు ఇంకా వెలుగుతున్నాయి.

"గవి ఎవలియి?"

"మీలాంటి వాళ్లవే. ఇప్పుడు ఎవరెవరో ఇళ్లకు మాట్లాడుతున్నారు."

"గట్లయితే ఆళ్లవి గూడ అయిపోనియ్యండ్రి."

అవి అయిపోవడమంటూ ఉండదు. ఒకటి ఆరితే ఇంకొకటి వెలుగుతుంది. శుక్రవారం మధ్యాహ్నం, గల్ఫ్ అంతటా సెలవు. ఆ సంగతి ఆమెకు చెప్పాలనిపించలేదు. నా సర్వీసంతా కాల్స్ కలపడానికి, కలిపినదానికి కూలి రాబట్టడానికి పనిచేశాను. ఆ రోజు ప్లగ్గు పీకింది నేనే. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఏయే ఊళ్లలోనో, ఏయే తండాల్లోనో ఆడవాళ్లు "హలో, హలో" అంటూ ఉండి ఉంటారు.